ఏ ఊరి ఓబద్యా?

తెకోవ నుంచి
పట్నం కూలిన ఏడో ఏడు, యవల కోత నెల, పన్నెండో రోజు

మిస్పాలో కొట్టుగదుల లేఖకుడిగా కుదురుకున్న మా అన్నయ్య పెలట్యాకు చెల్లెలు అతారా రాసేది. నీ గుమ్మంలోకి యెహోవా చల్లని కబుర్లే పంపాలి. నా కబురు మాత్రం చల్లగా లేదు, కూర్చుని చదువు.

నాలుగు కుండపెంకుల మీద రాశాను. వెనక గీతలు పెట్టాను. ఒక గీత ఉన్నది మొదటిది. ఉప్పు అమ్ముకునే గేరా తన గాడిద మీద తెస్తాడు. ఏదైనా పగిలితే వాణ్ణి తిట్టు, నన్ను కాదు.

అన్నయ్యా, నాకు సవతిని తెస్తున్నారు. ఎవరినో కాదు, మా తోడికోడలు నోయానే.

మా బావగారు ఓబద్యా సంగతి నీకు తెలిసిందే. పట్నం గోడ కూలినప్పుడు పారిపోయి వస్తుంటే, నాలుగు దారులు కలిసే చోట పొరుగు రాజ్యం ఎదోము వాళ్ళు కాపు కాసి దొరికినవాళ్ళను దొరికినట్టు నరికారు. ఆయనతో ఉన్న ఇద్దరు ఇల్లు చేరారు. ఆయన చేరలేదు. శవాన్ని చూసినవాళ్ళు లేరు, కడుపున పిల్లలు లేరు. ఏడేళ్ళుగా నోయా అక్క అటు ముత్తైదువా కాదు, ఇటు విధవా కాదు. ఇప్పుడు ఎదోము వాళ్ళు ఒక్కో బీడూ కలుపుకుంటూ మా గట్టు దాకా వచ్చారు. బావగారి ద్రాక్షతోటకు వారసుడు లేడని వాళ్ళకూ తెలిసింది. దాంతో పెద్దలు ఊరి తలుపు దగ్గర, గవినిలో కూర్చుని తేల్చేశారు. చచ్చినవాడి పేరు చెడకూడదు, తమ్ముడు, అంటే మా ఆయన ఎల్హానాను, వదినను మారుమనువు చేసుకోవాలి, మొదట పుట్టిన మగబిడ్డ ఓబద్యా కొడుకవుతాడు, తోట వాడిది.

"నా మొగుడు కాదంటే?" అని అడిగాను మా అత్తగారిని.

"కాదంటే పదిమందిలో నోయా వాడి కాలి చెప్పు ఊడదీసి మొహాన ఉమ్ముతుంది. ఆ తరవాత నీ ఇంటిని 'చెప్పు ఊడినోడి ఇల్లు' అంటారు. నీ ఇద్దరు కూతుళ్ళను ఎవడు చేసుకుంటాడే?" అంది.

ఇది మూడో పెంకు. ఇందులో ఉన్నది నీకొక్కడికే. నాకు కుళ్ళుగా ఉంది అన్నయ్యా. ఒళ్ళంతా కుళ్ళే. నేను వండిన పప్పు తిని మా ఆయన చెయ్యి కడుక్కుంటాడు, ఆమె వండింది తిని వేళ్ళు నాకుతాడు. ఆమెకు ముప్పై ఒకటి, నడుం చూస్తే పద్దెనిమిది. నాకు ఇరవై ఆరు, ఇద్దర్ని కన్న నడుం. మొన్న వానకు ఆమె ఇంటి కప్పు కారిందని మా ఆయన పొద్దున్నుంచి మాపటిదాకా మట్టి మెత్తాడు. మా కప్పు మూడేళ్ళుగా కారుతోంది. ఆమె మంచిదే, అదే నా ఏడుపు. చెడ్డదయితే తిట్టుకుని సుఖపడేదాన్ని.

నాలుగోది వినుకో. నిన్న గేరా గవిని దగ్గర కొన్ని మాటలు వినిపించాడు. ఎవరో ఓబద్యా అట, ఎదోము మీద దేవుడి మాట పలికాడట. ఆ నాలుగు దారుల దగ్గర కాపు కాయడం, పారిపోయేవాళ్ళను పట్టివ్వడం, అన్నీ పూస గుచ్చినట్టు చెప్పాడట. వింటూ మగవాళ్ళే భోరుమన్నారు. నోయా అక్క ఒక్కసారిగా లేచింది. "నా మొగుడే! అక్కడున్నవాడికి తప్ప ఆ సంగతి ఇంకెవరికి తెలుసు? బతికే ఉన్నాడు!" అని అక్కడే కూలబడింది.

బతికి ఉంటే మారుమనువు ఉండదు కదా అన్నయ్యా. నువ్వు వెతుకు. ఆ ఓబద్యా ఎవరి కొడుకో, ఏ ఊరివాడో తేల్చు. మావాడైతే, యెహోవా తోడు, నేనే నడిచి వెళ్ళి తీసుకొస్తాను.

కంట్లో కునుకు లేని నీ చెల్లెలు,
అతారా

*

మిస్పా నుంచి
అదే నెల, ఇరవై మూడో రోజు

తల్లీ అతారా, నీ మొగుడికీ పిల్లలకూ మీ అత్తగారికీ యెహోవా ఏ లోటూ రానివ్వకూడదు.

నీ పెంకులు మూడే అందాయి. మూడు గీతల పెంకు గేరా గాడిద పడుకున్నప్పుడు పిండయిందట. వాణ్ణి నీ పేరున కూడా తిట్టాను. పోనీలే, ఉన్నవాటితో సంగతి అర్థమైంది. తోడికోడలి మొగుడి కోసం నువ్వు పడే తాపత్రయం చదివి మీ వదిన కళ్ళు తుడుచుకుంది. "చూశావా, సవతి అవుతుందని తెలిసీ ఆమె మొగుణ్ణే వెతకమంటోంది. నీ చెల్లెలిది వెన్నలాంటి మనసు" అంది. చిన్నప్పుడు నా అంజూరాలు దొంగిలించి నామీదే చాడీలు చెప్పినదానివి, ఇంత పెద్ద మనసు ఎప్పుడు వచ్చిందే?

ఇక ఓబద్యా సంగతి. ఈ ఊళ్ళో సంత మధ్య నిలబడి ఆ పేరు పెట్టి పిలిస్తే తొమ్మిది తలలు తిరుగుతాయి. గవిని కావలివాడు ఓబద్యా. "ఆ మాటలు చెప్పింది నువ్వేనా?" అంటే "నేనే" అన్నాడు. ఏం చెప్పావంటే "తలుపు మూశాం, రేపు రండి అని" అన్నాడు. తోళ్ళు పదును చేసే ఓబద్యా దగ్గర ముక్కు మూసుకుని అడగాల్సి వచ్చింది. అతనికి ఎదోము ఏ దిక్కున ఉందో కూడా తెలియదు. లేవీయుల్లో పాటగాడు ఓబద్యా అయితే నా మీద విరుచుకుపడ్డాడు. "ముప్పై ఏళ్ళుగా గొంతు చించుకుంటున్నాను, ఒక్కడూ నా పాట కంఠతా పట్టలేదు. ఎవడో నా పేరు పెట్టుకున్నవాడు నాలుగు మాటలంటే గాడిదలవాళ్ళు కూడా చెప్పుకుంటున్నారు!" అని కళ్ళలో నిప్పులు పోసుకున్నాడు. పాపం, పేరు ఒకటే అయినందుకు అతనికి కలిసొచ్చింది కుళ్ళు ఒక్కటే.

నూనె గానుగ దగ్గర ఒక తాత ఉన్నాడు. అవి వెనకటి అహాబు రాజు ఇంటి పెత్తందారు ఓబద్యా మాటలని ఒట్టేసి చెబుతాడు. వందమంది ప్రవక్తలను గుహల్లో దాచి అన్నం పెట్టిన మహానుభావుడు. "ఆయన పోయి ఎన్ని తరాలయింది తాతా!" అన్నాను. "అయితే? నువ్వు పుట్టి ఇన్నేళ్ళయింది, నీకు బుద్ధి వచ్చిందా?" అన్నాడు.

నవ్వులు అలా ఉంచు. నీకంటే ముందే ఆరు ఇళ్ళవాళ్ళు ఇదే అడగడానికి వచ్చారు. అందరిదీ ఒకటే మాట. మావాడు ఓబద్యా, ఆ దారిలోనే తప్పిపోయాడు, ఈ మాటలు వాడివే. ఒక తల్లి కొడుకు అంగీ పట్టుకుని వచ్చింది.

మీ బావగారి ఒంటి మీద ఏదైనా గుర్తు ఉంటే రాయి.

నీ మంచితనానికి మురిసిపోతున్న
పెలట్యా

*

తెకోవ నుంచి
గోధుమ కోత నెల, ఎనిమిదో రోజు

అన్నయ్యా, దీవెనలన్నీ నీకే. నాకు వేరే పనుంది.

ఆ మూడో పెంకు పిండి కావడం నా ఖర్మ. అందులో ఉన్నది మళ్ళీ రాసే ఓపిక లేదు. ఒక్క ముక్కలో చెబుతాను, నాది వెన్న మనసు కాదు. వదినకు చెప్పు, ఆ కళ్ళు తుడుచుకున్న గుడ్డ ఉతుక్కోమని.

గుర్తు ఉంది. ఎడమ చేతి చిటికెన వేలు సగమే. తీగలు కోసే కొడవలికి తెగింది. తండ్రి పేరు షెమయా.

ఇక్కడ చోద్యం చూడు. నోయా అక్క ఏడేళ్ళ పెట్టె తెరిచింది. చెవులకు పోగులు పెట్టింది. తల దువ్వి నూనె రాసి జడ వేసుకుంది. తోట వైపు దారి ఊడ్చి నీళ్ళు చల్లుతోంది, ఎవరి కోసమంటే "వస్తాడుగా" అంటుంది. బావి దగ్గర ఆడవాళ్ళు "పెళ్ళికూతురా, మొగుడు ఎంతవరకు వచ్చాడు?" అని ఆటపట్టిస్తే సిగ్గుపడుతుంది. నేను లోపల మండిపోతున్నాను. ఎవరికి సింగారించుకుంటున్నట్టు? ఎదురుగా తిరిగే మగవాడు మా ఆయన ఒక్కడే.

ఇక మా ఆయన. గొర్రె బొచ్చు అమ్ముకొస్తానని వెళ్ళి నాలుగు రోజులు కనపడలేదు. ఎక్కడికెళ్ళావంటే "ఎక్కడో అక్కడికి" అన్నాడు. అన్నం ముందు కూర్చుని నిట్టూరుస్తాడు. అన్న బతికి ఉన్నాడంటే సంతోషించాల్సినవాడు ఎందుకు నిట్టూరుస్తాడు? చేతికి అందబోయింది జారిపోతోందనా? ఇది నా ఊహ అనకు. నిన్న గోధుమల గాదెలో చెయ్యి పెడితే గుడ్డలో చుట్టిన కాటుక భరిణె తగిలింది. కొత్తది. నాకు ఇవ్వలేదు. మా అత్తగారు ఈ వయసులో కాటుక పెట్టుకోదు. ఇంక ఎవరికి? తీసినట్టు తెలియకుండా మళ్ళీ అక్కడే పెట్టాను. అప్పటినుంచి గోధుమలు తీసినప్పుడల్లా చూస్తున్నాను, ఉందా, ఆమె కంటికి చేరిందా అని.

పెద్దలు ఏడో నెలలో వచ్చే పర్ణశాలల పండుగ దాకా గడువు ఇచ్చారు. ఆలోగా నికరమైన కబురు రాకపోతే మారుమనువే. నీ దగ్గర్నుంచి పెంకు వస్తే గవిని దగ్గర చదివేది నేనే. ఈ ఊళ్ళో అక్షరం ముక్క వచ్చినది నాకొక్కదానికే, అదీ నాన్న పుణ్యం.

దొరికాడని రాయి అన్నయ్యా. దొరుకుతాడు. దొరక్కపోవడానికి వీల్లేదు.

అతారా

*

మిస్పా నుంచి
ద్రాక్ష తీగలు కత్తిరించే నెల, రెండో రోజు

అతారా, ఈసారి నవ్వించడానికి నా దగ్గర ఏమీ లేదు. మన తండ్రుల దేవుడు మీ ఇంటిని ఓదార్చాలి.

మీ బావగారు దొరికారు.

ఇక్కడ తిరగలి పని చేసుకునే యెదీదా అనే ముసలామె ఉంది. ఆ రోజుల్లో ఆమె గుడిసె నాలుగు దారులకు దగ్గర. ఎదోము వాళ్ళు వెళ్ళాక బయటికి వచ్చి ఒంటరిగా పదిహేడు మందిని గుహలోకి ఈడ్చి రాళ్ళు పేర్చింది. సగం చిటికెన వేలు అనగానే తిరగలి ఆపేసింది. అతను అప్పటికి పూర్తిగా పోలేదట. పేరు అడిగితే "ఓబద్యా, తెకోవ, షెమయా కొడుకు" అన్నాడట. ఆ తరవాత, "నోయాకు చెప్పు, నీళ్ళకుండ ఒక్కతే ఎత్తుకోవద్దని. దానికి నడుం పట్టేస్తుంది, ఎవరినైనా చెయ్యి వెయ్యమను" అన్నాడట. అంతే. ఏడేళ్ళుగా ఈ మాట ఎవరికి చెప్పాలో తెలియక మోస్తున్నానని ఆమె నా ముందు ఏడ్చింది. నోయా పేరు నేను ఆమెకు చెప్పలేదు. ఆమే నాకు చెప్పింది.

ఎదోము మీద ఆ మాటలు పలికినది వేరే ఓబద్యా. ఎవరో నాకు తెలియలేదు, తెలిసినవాడు దొరకనూ లేదు. తండ్రి పేరు చెప్పుకోలేదు, ఊరు చెప్పుకోలేదు. నూనె జాడీ మీద కూడా మేము తండ్రి పేరు లేకుండా ముద్ర వెయ్యం. ఆయనకు ఆ రెండూ అక్కర్లేకపోయాయి. ఆ ఆరు ఇళ్ళవాళ్ళకు ఏం చెప్పాలో నాకు తెలియదు. నోయాకు చెప్పడానికి మాత్రం మన దగ్గర మాట ఉంది.

ఈ పెంకు ఆమెకు చదివి వినిపించు. మెల్లగా చదువు. చదివాక పక్కన కూర్చో.

పెలట్యా

*

తెకోవ నుంచి
వేసవి పళ్ళ నెల, ఆరో రోజు

అన్నయ్యా, ముందు నన్ను తిట్టనని నీలో నువ్వు ఒట్టు పెట్టుకో. పెట్టుకున్నావా? ఇప్పుడు చదువు.

నీ పెంకు వచ్చేసరికి ఊరంతా గవిని దగ్గరే ఉంది. గేరా పొలిమేరలోనే "మిస్పా పెంకు! మిస్పా పెంకు!" అని చాటుకుంటూ వచ్చాడు. ముందు నాకు నేను చదువుకుందామంటే గడువు ఇవ్వలేదు. నోయా అక్క ఎదురుగా నిలబడింది, కళ్ళు పెద్దవి చేసుకుని. పక్కనే మా ఆయన. ఆయన నా వైపు చూడలేదు, ఆమె వైపు చూస్తున్నాడు. ఆ చూపు చూశాను, నా లోపల ఏదో తెగింది.

"దొరికారు" అని చదివాను. అది నీ పెంకులో ఉన్న మాటే. ఆ తరవాతవి నా మాటలు. సగం వేలు చూసి గుర్తుపట్టారని, ఐగుప్తుకు వెళ్ళిపోయాడని, దేవుడి మాటలు పలికినది అతనేనని, దారులు బాగుపడ్డాక వస్తాడని.

ఊరు ఊరంతా ఎగిరింది. మా ఆయన నన్ను అందరిముందూ కావలించుకుని ఏడ్చాడు. పెళ్ళయ్యాక అలా పట్టుకోవడం అదే మొదలు. నోయా అక్క నా చేతులు రెండూ కళ్ళకు అద్దుకుంది. పెద్దలు మారుమనువు మాట కొట్టేశారు. గెలిచానని ఇంటికొచ్చాను.

ఏం గెలిచానో విను. ఇప్పుడామె ప్రవక్త పెళ్ళాం. నీళ్ళకు వెళితే ఆడవాళ్ళు ఆమె కుండ లాక్కుని మోస్తారు. ఎక్కడెక్కడి ఊళ్ళనుంచో తొలికాపు అంజూరాలు తెచ్చి ఆమె ముందు పెట్టి "మీ ఆయనకు మా మాట కూడా చెప్పమ్మా" అంటారు. చూలింతలు వచ్చి ఆమె చేత కడుపు తాకించుకుంటున్నారు. ఒక్కసారి కూడా నీళ్ళాడని మనిషి! ఆమె పీట మీద కూర్చుంటే నేను తిరగలి ముందు. మా అత్తగారు నాతో "అతారా, నీ చేతికి పిండి అయింది, దూరంగా ఉండు, నోయాకు అంటుతుంది" అంది. నాలుగు మాటలు కల్పించింది నేను, మహారాణి అయింది ఆమె. ఆ కల్పించిన మొగుడి మీద కూడా నాకు కుళ్ళే. నా మొగుడు అలాంటి మాటలు ఒక్కటీ పలకడు, మా కప్పు కూడా బాగుచేయడు.

ఎవరికీ చెప్పుకోలేక నీకు చెబుతున్నాను. ఈ పెంకు చదివి పగలగొట్టు.

అతారా

*

మిస్పా నుంచి
అదే నెల, పదిహేడో రోజు

అతారాకు.

ఒట్టు పెట్టుకోలేదు.

మన నాన్న నీకు అక్షరాలు నేర్పుతుంటే ఊళ్ళోవాళ్ళు నవ్వారు, ఆడపిల్లకు ఎందుకని. ఆయన అన్నాడు, ఒక ఊళ్ళో చదవడం వచ్చినవాడు ఒక్కడే ఉంటే, ఊరు ఊరంతా వాడి నోటి మీద బతుకుతుందని. ఆ నోటితో ఏం చేశావే నువ్వు? చచ్చిపోయే మనిషి పెళ్ళాం నడుం గురించి ఆలోచించి ఒక మాట పంపితే, ఆ మాట మింగేశావు. ఆమెను ఏడవనివ్వలేదు. రేపు ముసలిదయ్యేదాకా దారి ఊడుస్తుంది. అతని పేరున బిడ్డ ఉండడు, తోట ఎదోము వాళ్ళది అవుతుంది. వాళ్ళు ఒకసారి చంపారు, నువ్వు రెండోసారి చంపావు.

నీకు ఇంకో సంగతి చెప్పాలి. చెప్పనని మాట ఇచ్చాను, ఇప్పుడు తప్పుతున్నాను. ఎల్హానాను ఆ నాలుగు రోజులూ వచ్చింది మా ఇంటికే. నా కాళ్ళ దగ్గర కూర్చుని అడిగాడు. "బావా, చెప్పు ఊడదీయించుకోకుండా ఈ మనువు తప్పించుకునే దారి ధర్మశాస్త్రంలో ఏదైనా ఉందా? వదిన కాపురానికి వచ్చేసరికి నాకు పన్నెండేళ్ళు. ఆమె కలిపి పెట్టిన ముద్ద తిన్నాను. ఆమెను పెళ్ళాం అని ఎలా అనుకోను? కాదంటే నా కూతుళ్ళకు చెడ్డపేరు. అవునంటే అతారా ముఖం చూడలేను" అని ఏడ్చాడు. దారి లేదన్నాను. నువ్వు విన్న నిట్టూర్పులు అవి.

ఆ కాటుక మీ వదిన నీకు పంపింది. ఇస్తే ఎక్కడిదని అడుగుతావు, మిస్పా వెళ్ళిన సంగతి చెప్పాల్సి వస్తుంది. అందుకు గాదెలో దాచి ఉంటాడు. అతనికి దాచడం కూడా చేతకాలేదు.

నీ పెంకు పగలగొట్టలేదు. పర్ణశాలల పండుగలోగా నువ్వు నిజం చదవకపోతే నేనే వచ్చి నీ రాతే చదువుతాను.

పెలట్యా

*

తెకోవ నుంచి
ఏడో నెల, పండుగ వెళ్ళిన నాలుగో రోజు

అన్నయ్యకు, తలెత్తి చూడలేని చెల్లెలు రాసేది.

చదివాను. గవిని దగ్గర కాదు, ముందు ఆమె ఇంట్లో, ఆమెకొక్కదానికే. నువ్వు చెప్పినట్టే మెల్లగా చదివాను. నీళ్ళకుండ మాట రెండుసార్లు చదివాను. ఆమె ఒక్కటే అడిగింది.

"ఆ ముసలామె దాహానికి నీళ్ళిచ్చిందా?"

నీ పెంకులో ఆ మాట లేదు అన్నయ్యా. "రాయలేదక్కా. అడిగి తెలుసుకుంటాను" అన్నాను. ఇచ్చిందని చెప్పేయాలని నాలుక చివరిదాకా వచ్చింది. అనలేదు. ఇక ఆమెకు నా సొంత మాట ఒక్కటీ చదవను. నువ్వు అడిగి రాయి.

అప్పుడు లేచి నా చెంప ఛెళ్ళుమనిపించింది. ఇంకోటి కొడుతుందని నిలబడ్డాను. కొట్టలేదు, మెడ దగ్గర అంగీ చించుకుని నేల మీద కూర్చుంది. నేనూ కూర్చున్నాను. ఏడు రోజులు ఏడ్చింది, ఏడేళ్ళదీ కలిపి. ఈలోగా గవిని దగ్గర కూడా నిజం చదివాను, జనం నన్ను ఎన్ని అనాలో అన్నీ అన్నారు. మొన్నటిదాకా ఆమె కాళ్ళు తాకినవాళ్ళు ఇచ్చిన అంజూరాల గురించి గొణుక్కున్నారు. మా అత్తగారు నాతో మాట్లాడ్డం మానేసింది. అది ఒక్కటే కాస్త సుఖం.

ఎనిమిదో రోజు నోయా అక్క పెద్దల ముందుకు వెళ్ళింది. "ఎల్హానాను కాలి చెప్పు నేనే విప్పుతాను. ఉమ్మను, అతను నా చేతి ముద్ద తిన్నవాడు. నేను పుట్టింటికి పోతాను" అంది. మా ఆయన బతుకుజీవుడా అన్నట్టు కాలు ముందుకు చాపాడు. నేను కోరుకున్నది అన్నయ్యా, అక్షరం పొల్లు పోకుండా నేను కోరుకున్నదే. ఆమె వంగింది. తాడు ముడి మీద చెయ్యి వేసింది. బావగారి పేరు అక్కడితో ఆఖరు. తోట చివర ఎదోము వాళ్ళ గొర్రెలు అప్పుడే మేస్తున్నాయి.

"ఆ చెప్పు ముట్టుకోకు!" అని అరిచాను. మగవాళ్ళ మధ్యకు ఎలా వెళ్ళానో తెలియదు. "ఆయన పేరును వాళ్ళొకసారి చంపారు, నేనొకసారి చంపాను. ఇప్పుడు మీరంతా కలిసి పూడ్చిపెడతారా? మనువు జరగాలి."

మా ఆయన నోరు తెరిచాడు. "అతారా, నీకేమైనా పిచ్చా?"

"కుళ్ళు ఉంది. పిచ్చి లేదు" అన్నాను. పెద్దల్లో ఒకాయన నవ్వి, తప్పని నోరు మూసుకున్నాడు.

ఆమె నావైపు చూసింది. "నీ కుళ్ళుతో నేను ఎలా కాపురం చెయ్యనే?" అంది.

"నీ మంచితనంతో నేను ఇన్నేళ్ళు చెయ్యలేదా అక్కా?" అన్నాను.

వచ్చే నెల పొడుపున మనువు. ఆమె బట్ట నేనే ఉతికాను. పిండేటప్పుడు అంచు దగ్గర చిరిగింది, అంత గట్టిగా పిండాను. కూర్చుని కుట్టాను. వదిన పంపిన కాటుక నేనే పెట్టుకుంటున్నాను, ఆమెకు ఇవ్వలేదు. అంతటి మంచిదాన్ని కాను.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్న నీ చెల్లెలు,
అతారా

*

మిస్పా నుంచి
ఎనిమిదో నెల, మొదటి రోజు

తల్లీ, అడిగాను. యెదీదా తన దోసిలితో మూడుసార్లు పోసిందట. మూడోసారి మింగలేదట. ఉన్నది ఉన్నట్టు రాశాను, ఉన్నది ఉన్నట్టు చదువు.

ఇప్పుడు మీ వదిన ఆ కళ్ళు తుడుచుకున్న గుడ్డ ఉతకనంటోంది.

పెలట్యా

*

తెకోవ నుంచి
మరుసటి ఏడు, వేసవి పళ్ళ నెల, పద్దెనిమిదో రోజు

అన్నయ్యా, మీ ఇల్లు పిల్లా పాపలతో కళకళలాడాలి. మా ఇల్లు కళకళలాడుతోంది, నిద్ర లేక నా కళ్ళు మండుతున్నాయి.

మగపిల్లాడు. పది రోజులైంది. నొప్పులు రోజంతా పట్టాయి, ముప్పై రెండేళ్ళకు తొలి కాన్పు మరి. వెనకనుంచి నడుం పట్టుకుని కూర్చున్నది నేనే. నా చెయ్యి కొరికింది, మచ్చ ఇంకా ఉంది. కావాలనే కొరికిందేమో అని అనుమానం.

ఎనిమిదో రోజు సున్నతి చేసి గవిని దగ్గర పేరు పెట్టారు. షెమయా కొడుకు ఓబద్యా, అతని కొడుకు ఓబద్యా. మా ఆయన బిడ్డను ఎత్తి పట్టుకుని ఆ పేర్లన్నీ చెప్పాడు, తన పేరు ఎక్కడా లేదు. ఆ సంగతి నాకూ అప్పుడే అర్థమైంది, ఆయనకూ ఇందులో పోయింది ఒకటుందని. తోట గట్టు మీద రాళ్ళు మళ్ళీ పేర్చాం. ఎదోము కాపరి వచ్చి "ఇది ఎవరిది?" అన్నాడు. మా పెద్దమ్మాయి "మా ఓబద్యాది" అంది. వాడు ఏ ఓబద్యా అని అడగలేదు.

కుళ్ళు పోయిందా అని వదిన అడుగుతుందేమో. పోలేదు. మా ఆయన ఆ గుమ్మం వైపు వెళ్ళిన రోజుల్లో గోధుమలు మూడింతలు విసిరాను. ఇంట్లో ఎప్పుడూ అంత మెత్తటి పిండి లేదు. ఇప్పటికీ ఆమె రొట్టె నా రొట్టెకంటే పలచగా వస్తుంది.

నిన్న పొద్దున వీడు ఏడుపు మొదలుపెట్టాడు. ఆమె పాలిచ్చింది, ఊపింది, జోల పాడింది, ఊహూ, ఆపడు. మొహం ఎర్రగా చేసుకుని ఊరు ఎగరగొట్టేస్తున్నాడు. "ఇలా ఇవ్వు అక్కా" అని తీసుకున్నాను. ఇద్దర్ని పెంచిన చెయ్యి కదా, భుజాన వేసుకుని వీపు మీద రెండు తట్టాను. ఆపాడు. ఆపడమే కాదు, నా మెడలో మొహం దాచుకుని పడుకున్నాడు.

తలెత్తి చూస్తే నోయా అక్క. పెదవి బిగబట్టింది. చేతులు ఖాళీగా ఒళ్ళో ఉన్నాయి, కళ్ళు నా భుజం మీద. బిడ్డను చూస్తోందా, నన్ను చూస్తోందా అంటే నన్నే. ఆ చూపు నాకు కొత్తది కాదు అన్నయ్యా, ఇన్నాళ్ళూ నా మొహం మీద ఉన్నదే అది.

"నిద్రపోయాడుగా, ఇటివ్వు" అంది.

"ఉండక్కా, లేస్తాడేమో" అన్నాను.

లేచేలా ఏమీ లేడు. అయినా ఇంకాసేపు ఎత్తుకునే ఉన్నాను.

నీ చెల్లెలు,
అతారా